రౌతు కొద్దీ గుర్రం

వియన్నా నగరం నడిబొడ్డున, హోఫ్‌బర్గ్ రాజప్రాసాదంలో ఒక తెల్లటి హాలు ఉంది. పొడవు 55 మీటర్లు, వెడల్పు 18 మీటర్లు, చుట్టూ 46 స్తంభాలు, పైన వేలాడే దీపాల గుత్తులు. చక్రవర్తి ఆరవ చార్లెస్ కట్టించాడు. 1735లో పూర్తయింది. ఇంత వైభవం ఉన్న హాలులో నేల మాత్రం ఇసుక, ఎందుకంటే దాన్ని కట్టిందే గుర్రాల కోసం. స్పానిష్ రైడింగ్ స్కూలు ఇక్కడే ఉంది. ఇందులో చేరిన కుర్రవాడికి మొదట్లో పగ్గాలివ్వరు. కాళ్ళు పెట్టుకోవడానికి రికాబులూ ఉండవు. 2008లో తొలిసారి అమ్మాయిలను చేర్చుకున్నారు, వాళ్ళకూ ఇదే నియమం. ఆరితేరిన లిపిజానర్ జాతి మగ గుర్రం మీద కూర్చోబెడతారు. గురువు మధ్యలో నిలబడి, పొడవాటి తాడుతో గుర్రాన్ని తన చుట్టూ గుండ్రంగా నడిపిస్తాడు. ఇలా నెలల తరబడి సాగుతుంది. ఈ మెట్టు దాటిన తర్వాత కూడా పూర్తి స్థాయి రౌతు అనిపించుకోవడానికి పదేళ్ళు పట్టవచ్చు.

ఎందుకింత కాలం? కింద పడకుండా కూర్చోవడం ఎవరికైనా కొద్ది వారాల్లో వస్తుంది. ఈ పాఠం దానికోసం కాదు. పైన కూర్చున్న మనిషి వల్ల గుర్రానికి కీడు జరగకూడదని. రౌతు ఒంటికి కుదురు రానంతవరకు అతని చేతికి గుర్రం నోటిని అప్పగించకూడదన్నది ఈ సంప్రదాయం పెట్టుకున్న కట్టుబాటు. దీన్ని కేవలం క్రమశిక్షణగానో, రాజరికపు ఆడంబరంలో మిగిలిపోయిన ముక్కగానో చూడటం నాకు అన్యాయమనిపిస్తుంది. గుర్రం కుంటకుండా పది కాలాలపాటు నడవడానికి మనిషి చేయగలిగిన వైద్యాల్లో మొదటిది ఇదే.

గుర్రం వీపును చూస్తే మనిషి కూర్చోవడానికే పుట్టినట్టుంటుంది. లోపలి నిర్మాణం అలా చెప్పదు. మనకు మెడ కింద అడ్డంగా ఉండే జత్రుక ఎముక గుర్రానికి లేదు. ముందుకాళ్ళను మొండేనికి కలిపే ఎముకల కీలు ఏదీ లేదు, రెండు భుజాల నడుమ ఛాతీ మొత్తం కండరాల పట్టీల మీద వేలాడుతూ ఉంటుంది. ఊరికే నిలబడి ఉన్నప్పుడే ఒంటి బరువులో దాదాపు 60 శాతం ముందుకాళ్ళ మీద ఉంటుంది. జీను వేసేది మూపు వెనకే కాబట్టి రౌతు బరువులోనూ పెద్ద వాటా అటే పోతుంది. మోకాలి కింద ఆ కాళ్ళకు కండ అంటూ లేదు. ఎముక, దాన్ని అంటిపెట్టుకున్న స్నాయువులు, చర్మం, అంతే. స్నాయువులకు రక్తప్రసరణ తక్కువ. ఒకసారి చిరిగితే మానడానికి నెలలు పడుతుంది. మానినా మునుపటి సాగుడు రాదు.

ఇక వెన్ను. పక్కటెముకలు అంటుకుని ఉండే వెన్నుపూసలు గుర్రానికి 18. జీను ఈ పద్దెనిమిదో పూస దాటి వెనక్కి పోకూడదు. ఒక్కో పూస మీద నుంచి పైకి పొడుచుకొచ్చే ఎముక ఉంటుంది, పక్కదానికీ దానికీ మధ్య కాస్త సందు ఉంటుంది. వీపు మీద బరువు పడగానే వెన్ను కిందికి కుంగుతుందని కొలిచి చూపిన పరిశోధన 2004లో వచ్చింది. కుంగిన కొద్దీ ఆ సందులు తగ్గుతాయి. కొన్ని గుర్రాల్లో ఎముకలు ఒకదానికొకటి ఆనుకుని రాసుకుంటాయి. పశువైద్యులు కిస్సింగ్ స్పైన్స్ అనే ఈ బాధ ఎక్కువగా కనిపించేది సరిగ్గా జీను కిందనే. మనిషి ఎప్పుడూ ఎక్కని గుర్రాల్లోనూ ఇది కనబడుతుంది కనుక తప్పంతా రౌతు మీదే వేయడం సరికాదు. కానీ ఉన్న లోపాన్ని నొప్పిగా మార్చడమూ, మారకుండా కాపాడటమూ చాలావరకు రౌతు చేతిలోనే ఉన్నాయి.

కుంగిపోకుండా గుర్రం మనల్ని మోయగలదు. పొట్ట కండరాలు బిగించి, వెనకకాళ్ళను పొట్ట కిందికి తెచ్చుకుని, భుజాల మధ్య ఛాతీని కొంచెం పైకెత్తుకుని నడిస్తే వెన్ను నిలబడుతుంది. అలా నడవడానికి కావలసిన కండ కొన్నేళ్ళ సాధనతో గానీ రాదు. పైన ఉన్న బరువు దారికి అడ్డం రాకూడదు కూడా. గుర్రం వెన్నుకు రెండు వైపులా పొడవునా సాగే పెద్ద కండరం ఉంది. అది కదలడానికి పుట్టింది. పైన తూలుతున్న మనిషిని సంబాళించుకోవడానికి గుర్రం దాన్ని బిగబట్టి ఉంచితే అది గట్టిపడిపోతుంది. అడుగు పొట్టిదవుతుంది. ఏ కాలు నొప్పో తెలియకుండానే నడక చెడుతుంది.

కావడి మోసేవాళ్ళకు ఈ సంగతి వివరించనక్కర్లేదు. అదే బరువు అడుగుకు తగ్గట్టు ఊగితే మైళ్ళు మోయవచ్చు, అడుగుకు ఎదురుగా ఊగితే వీధి చివరికే భుజం పడిపోతుంది. గుర్రం ట్రాట్ అనే నడకలో ఐమూలగా ఉన్న రెండేసి కాళ్ళు కలిసి పడతాయి. ప్రతి అడుగుల జతలో మొండెం రెండుసార్లు లేచి దిగుతుంది, వీపు ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి ఒరుగుతుంది. రౌతు నడుము ఆ ఒరుగుడుతో కలిసి ఒకసారి ఎడమ వైపు, ఒకసారి కుడి వైపు దిగాలి. నడుము బిగుసుకుంటే దిగలేదు. ఎగిరి పడుతుంది. ఎగిరి పడుతున్నానని భయపడినవాడు మోకాళ్ళతో జీనును నొక్కి పట్టుకుంటాడు, ఆ నొక్కుడు అతన్ని ఇంకా పైకి నెడుతుంది. ట్రాట్‌లో అడుగడుక్కీ గుర్రం వీపు మీద పడే బలం మనిషి అసలు బరువుకు రెట్టింపు దాటవచ్చు. ట్రాట్‌లో మూడు రకాల కూర్చునే తీరులను 2010లో వచ్చిన ఒక అధ్యయనం పోల్చి చూసింది. పూర్తిగా కూర్చుంటే బలం అన్నిటికంటే ఎక్కువ. లేచి కూర్చునే పద్ధతిలో కొంచెం తక్కువ. రికాబుల మీద బరువు ఆనించి జీనుకు కాస్త పైన నిలిచే పద్ధతిలో అన్నిటికంటే తక్కువ, పైగా రౌతు నిలకడా అందులోనే ఎక్కువ. లేత గుర్రాల మీద మొదట్లో పూర్తిగా కూర్చోవద్దని పాత గురువులు ఎందుకు చెప్పారో దీన్నిబట్టి అర్థమవుతుంది.

తూలే మనిషి చేతులు ఏదో ఒకటి పట్టుకోవాలని చూస్తాయి. చేతిలో పగ్గాలున్నాయి. పగ్గాల చివర కళ్ళెపు ఇనుము, ఆ ఇనుము ఆనేది కింది దవడలో పళ్ళు లేని ఖాళీ జాగాలో. అక్కడ ఎముక మీద పలచటి పొర తప్ప ఏమీ లేదు. రౌతు నిలదొక్కుకోవడం కోసం లాగిన ప్రతిసారీ ఆ పొర మీద ఇనుము ఒరుసుకుంటుంది. నొప్పికి గుర్రం తల పైకెత్తుతుంది. తల లేస్తే వీపు కుంగుతుంది, వీపు కుంగితే వెనకకాళ్ళు వెనకే ఉండిపోతాయి, మోయాల్సిన బరువు మళ్ళీ ముందుకాళ్ళ మీదకే వస్తుంది. ఆ కాళ్ళకు కండ లేదని ఇందాకే చెప్పుకున్నాం. ఇలా కొన్ని నెలలు గడిచాక ఒకరోజు ముందుకాలి స్నాయువు వాస్తుంది. గుర్రం కుంటుతుంది. గిట్టలు చూస్తారు, నాడాలు మారుస్తారు, నేల గట్టిదంటారు. రౌతు నడుమును చూసేవాళ్ళు తక్కువ.

ఒక పక్కకు ఒరిగి కూర్చునే అలవాటు ఇంతకంటే కనబడని శత్రువు. మనలో చాలామందికి ఒక తుంటి బిగువు, ఒక భుజం ముందుకు. గుర్రానికీ పుట్టుకతో ఒక వైపు వాటం ఉంటుంది. రెండు వంకరలు జత కలిస్తే ఒక వెనకకాలు నెట్టడానికి, ఇంకొకటి మోయడానికి అలవాటు పడిపోతాయి. లేచి కూర్చునే పద్ధతిలో ట్రాట్ చేస్తూ ఎప్పుడూ ఒకే జత కాళ్ళు పడేటప్పుడు కూర్చునే రౌతులున్నారు. ఆ పద్ధతి మంచి గుర్రంలోనూ లేశమైన కుంటులాంటి తేడాను పుట్టిస్తుందని పరికరాలతో కొలిచి చూపారు. అందుకే జత మార్చి మార్చి కూర్చోవాలి. అయితే ఇక్కడ ఒక హెచ్చరిక. జీను ఒకవైపుకు జారుతుంటే రౌతు వంకరే కారణమని వెంటనే తీర్పు చెప్పకూడదు. ఇంగ్లండు పశువైద్యురాలు స్యూ డైసన్, ఆమె సహపరిశోధకురాలు కలిసి చూసిన గుర్రాల్లో చాలా వాటికి వెనకకాలి నొప్పే అసలు కారణమని తేలింది. మత్తు సూదితో ఆ నొప్పిని ఆపగానే జీను జారడం ఆగిపోయింది. గుర్రం రౌతును వంకర చేస్తుంది, రౌతు గుర్రాన్ని వంకర చేస్తాడు. ఎవరు మొదలుపెట్టారో తేల్చడానికి ఓపిక కావాలి.

బరువు సంగతీ ఇక్కడే చెప్పాలి. కుదురు ఉన్నంత మాత్రాన ఎంత బరువైనా ఫరవాలేదని కాదు. గుర్రం బరువులో 25, 30 శాతం మోయిస్తే కండరాల నొప్పి పెరిగిందని అమెరికాలో చేసిన ఒక ప్రయోగం చూపింది. 20 శాతం దాటకూడదన్న పాత లెక్కకు ఆధారం ఉందన్నమాట. అలాగే తేలికైన మనిషి తూలుతూ కూర్చుంటే తేలిక కాడు. ఈ రెండోదాన్నే జనం మరిచిపోతారు, ముఖ్యంగా పిల్లల విషయంలో.

ఈ ఆలోచన వియన్నాలో పుట్టలేదు. క్రీ.పూ. 4వ శతాబ్దంలో ఏథెన్సు వాడైన జెనోఫోన్ గుర్రపుస్వారీ మీద ఒక చిన్న గ్రంథం రాశాడు. అప్పటికి రికాబులు లేవు, చట్రం ఉన్న జీను లేదు. కుర్చీలో కూర్చున్నట్టు కూర్చోవద్దని, కాళ్ళు ఎడంగా పెట్టి నిటారుగా నిలబడ్డ మనిషిలా ఉండాలని, మోకాలి కింద కాలిని వదులుగా వదిలేయాలని అతను చెప్పాడు. గుర్రం గెంతేటప్పుడు జూలు పట్టుకోమన్నాడు, ఎందుకంటే ఎగుడుదిగుడు నేలతో పాటు కళ్ళెం బాధ కూడా గుర్రానికి పడకూడదట. రౌతు తూలినా ఆ తూలుడు గుర్రం నోటికి చేరకూడదన్న జాగ్రత్త ఆ ఒక్క మాటలో మొత్తం ఉంది.

తర్వాత కాలమంతా ఇంత దయగా సాగలేదు. 1550లో నేపుల్స్‌లో ఫెడెరికో గ్రిసోనె రాసిన పుస్తకంలో మొండి గుర్రాన్ని లొంగదీసే క్రూరమైన పద్ధతులున్నాయి. సంప్రదాయం పేరు చెప్పి అన్నిటినీ నెత్తికెత్తుకోవలసిన అవసరం లేదు. స్వారీ విద్యను మళ్ళీ మెత్తని దారికి తెచ్చినవాళ్ళు ఫ్రెంచివాళ్ళు. వాళ్ళలో ఫ్రాన్స్వా రొబిషోన్ ద లా గెరినియేర్ చాలా పెద్దవాడు. 1733 నాటి అతని గ్రంథం ‘ఎకోల్ ద కావలెరీ’ మీదే వియన్నా స్కూలు శిక్షణ ఇప్పటికీ నిలబడి ఉంది. పట్టుతో కాకుండా సమతూకంతో కూర్చోవాలనీ, అది రావడానికి రికాబులు లేని ట్రాట్‌ను మించిన దారి లేదనీ అతని బోధ.

ఆ తాడు పాఠంలో ఏం జరుగుతుందో చూద్దాం. గుర్రం పాతది, శిక్షణ పూర్తయినది. దాని తల అటూ ఇటూ పోకుండా పక్క పగ్గాలు కట్టి ఉంటాయి. వేగాన్ని, దారిని గురువు తాడుతో, గొంతుతో చూసుకుంటాడు. శిష్యుడికి మిగిలిన పని ఒక్కటే, కూర్చోవడం. చెవి, భుజం, తుంటి, మడమ ఒకే నిలువు గీత మీద ఉన్నాయా అని గురువు చూస్తాడు. చేతులు చాచి తిప్పమంటాడు, ఒంగి కాలివేళ్ళు ముట్టమంటాడు, మొండేన్ని ఎడమకూ కుడికీ తిప్పమంటాడు, తొడలను తుంటి దగ్గర్నుంచి జీనుకు దూరంగా ఎత్తి వదలమంటాడు. పైన ఏం చేస్తున్నా కింద కూర్చునే ఎముకలు జీను నుంచి కదలకూడదు. మొదట నడక, తర్వాత ట్రాట్, ఆ తర్వాత క్యాంటర్ పరుగు, రెండు దిక్కులా సమంగా. ఊపిరి బిగబట్టకుండా, పట్టుకోవడానికి ఏమీ లేకుండా రోజుల తరబడి ఇలా తిరిగాక ఒకరోజు నడుము దానంతటదే గుర్రం వీపుతో కలుస్తుంది. ఆ రోజు గుర్రం అడుగు పొడవవుతుందని, ముక్కుతో గట్టిగా ఊపిరి వదులుతుందని అనుభవజ్ఞులు చెబుతారు. సరిగ్గా కూర్చున్నామా అన్న ప్రశ్నకు జవాబు అద్దంలో కంటే గుర్రం ఒంట్లో ముందు కనబడుతుంది. 1939 నుంచి 1964 వరకు ఈ స్కూలును నడిపిన, 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో డ్రెసాజ్ అనే స్వారీ విన్యాసాల పోటీలో నీరో అనే గుర్రం మీద కంచు పతకం గెలిచిన అలోయిస్ పొధాయ్‌స్కీ, తన జ్ఞాపకాల పుస్తకానికి గుర్రాలే తన గురువులని చెప్పే పేరు పెట్టుకున్నాడు.

ఈ కుదురు చేతికొచ్చాక రౌతు గుర్రానికి కలిగే నష్టాన్ని ఆపడమే కాదు, మేలు కూడా చేయగలడు. గెరినియేర్ పేరు నిలిపిన షోల్డర్-ఇన్ దీనికి మంచి ఉదాహరణ. గోడ వెంట వెళ్తూ గుర్రం ముందు భాగాన్ని కొద్దిగా లోపలికి తెస్తారు. అప్పుడు లోపలి వెనకకాలు ఒంటి బరువు కిందికి, మధ్యగీత వైపుకు వచ్చి పడాలి. ఆ తుంటి, మోకాలు, మడమకీలు మడవాలి. బయటి భుజం స్వేచ్ఛగా సాగాలి. వంకరగా ఉన్న గుర్రాన్ని రెండు వైపులా సరిచేసి, ముందుకాళ్ళ భారాన్ని వెనకకు మళ్ళించే కసరత్తు ఇది. ఫిజియోథెరపీ అనే మాట పుట్టకముందే ఉన్న ఫిజియోథెరపీ. కానీ రౌతు బయటికి ఒరిగాడా, లోపలి తుంటిని కుంగదీశాడా, మొత్తం తలకిందులవుతుంది. గుర్రం మెడ మాత్రం వంచి, భుజం బయటికి పారేసుకుని, మడవాల్సిన కాలిని పక్కకు దాటేస్తుంది. చూసేవాళ్ళకు విన్యాసం జరిగినట్టే ఉంటుంది. కీళ్ళకు మాత్రం ఒరిపిడే మిగులుతుంది.

లెవాడ్ ఇంకా కఠినమైన పరీక్ష. గుర్రం వెనకకాళ్ళను లోతుగా మడిచి, ముందు భాగాన్ని నేల నుంచి 45 డిగ్రీలకు లోపు కోణంలో ఎత్తి క్షణకాలం నిలుస్తుంది. దాని ఒళ్ళు, రౌతు ఒళ్ళు, మొత్తం భారం రెండు మడమకీళ్ళ మీద ఉంటుంది. అప్పుడు రౌతు ముందుకు వాలితే అది కిందికి పడిపోతుంది, వెనక్కి వాలితే కీళ్ళు నలుగుతాయి. అందుకే గుర్రానికి ఈ విద్యను మొదట రౌతు లేకుండా, నేల మీద నిలబడి నేర్పుతారు. వెనకకాళ్ళ మీద గెంతే కుర్బెట్, గాలిలోకి లేచి వెనకకాళ్ళు చాచే కాప్రియోల్ లాంటి దూకుళ్ళను ఆ స్కూలు రౌతులు రికాబులు లేకుండానే చేస్తారు. తాడు చివర నేర్చిన మొదటి పాఠమే విద్య చివరి మెట్టులోనూ పనికొస్తుందన్నమాట. ఈ దూకుళ్ళను అన్ని గుర్రాలచేతా చేయించరు. ఒంటి తీరు, ఇష్టం ఉన్నవాటిని ఎంచుకుంటారు.

లిపిజానర్లు నెమ్మదిగా ఎదిగే జాతి. వాటికి నాలుగేళ్ళ వయసు వచ్చేదాకా జీను శిక్షణ మొదలుపెట్టరు. హైస్కూల్ అనే పై మెట్టు విన్యాసాల విద్యకు చేరడానికి మరో ఆరేళ్ళు పడుతుంది. ఇరవై ఏళ్ళు దాటినవి కూడా ఆ హాలులో పని చేయడం మామూలే. దీనికి జాతి, మేత, నేల, సంరక్షణ అన్నీ కారణాలే, కుదురుకు మాత్రమే ఆ ఘనత ఇవ్వను. కానీ అది లేకుండా మిగతావి ఈ ఫలితం ఇచ్చేవని కూడా నమ్మను. వియన్నా స్కూలు విద్యను యునెస్కో 2015లో మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది. పేరు తెచ్చుకున్న ప్రతిచోటా గుర్రాలు సుఖంగా ఉన్నాయని దీనర్థం కాదు. గడ్డం ఛాతీకి తగిలేలా మెడను చుట్టేసి పతకాలకోసం ఆడించే డ్రెసాజ్ నేటి పోటీల్లో కనబడుతుంది. ఆ గుర్రాల వీపు చూస్తే గెరినియేర్ విద్య కనబడదు.

మన దగ్గరికి వద్దాం. హైదరాబాదు జాతీయ పోలీసు అకాడమీలో ఐపీఎస్ శిక్షణలో గుర్రపుస్వారీ ఒక భాగం. నగరం చుట్టూ పిల్లలకు స్వారీ నేర్పే క్లబ్బులు పెరిగాయి. రేసుల నుంచి విరమించిన థరోబ్రెడ్లు ఇలాంటి క్లబ్బులకు చేరడం మన దేశంలో ఎప్పట్నుంచో ఉంది. ఆ గుర్రాలు రెండేళ్ళ వయసులోనే పరుగుకు దిగినవి, అప్పటికి వెన్నుపూసల ఎదుగుదల పూర్తికాదు. స్నాయువులు ముందే అరిగి వచ్చినవి వాటిలో ఎన్నో. అలాంటి వీపు మీద, గంటకింత అని రుసుము కట్టిన కొత్తవాళ్ళను మొదటిరోజే పగ్గాలు చేతికిచ్చి ఎక్కించడం నాకు బాధ కలిగిస్తుంది. నేర్చుకునేవాళ్ళకూ అది మంచిది కాదు. మొదటిరోజు నుంచీ పగ్గాలతో నిలదొక్కుకోవడం నేర్చిన చేతులకు ఆ అలవాటు మాన్పించడం, మొదట్లోనే కుదురు నేర్పడంకంటే చాలా కష్టం.

పిల్లలను క్లబ్బులో చేర్పించే తల్లిదండ్రులు మొదట అడగాల్సింది తాడు పాఠాలు ఎన్ని వారాలుంటాయని. ఉండవంటే ఇంకో చోటు వెతకండి. తర్వాత గుర్రాన్ని చూడండి. డైసన్ బృందం స్వారీలో ఉన్న గుర్రంలో నొప్పిని గుర్తించడానికి 24 ప్రవర్తనల జాబితా తయారుచేసింది. చెవులు చాలాసేపు వెనక్కి పెట్టడం, మాటిమాటికీ నోరు తెరవడం, తోక కొడుతూ ఉండటం, కళ్ళు బిగుసుకుపోయినట్టు చూడటం, తల పదేపదే అటూ ఇటూ తిప్పడం అందులో ఉన్నాయి. ఎనిమిదో అంతకంటే ఎక్కువో కనబడితే ఆ గుర్రానికి ఎముకలో కండలో నొప్పి ఉండే అవకాశం గట్టిగా ఉంటుంది. చెడ్డ గుర్రం, మొండి గుర్రం అని మనం తిట్టేవాటిలో ఎన్ని నిజానికి నొప్పితో ఉన్నాయో ఈ జాబితా చేతిలో పట్టుకుని చూస్తే తెలుస్తుంది.

స్వారీ అయ్యాక జీను తీయించి చెమట మరకలు చూడండి. వెన్నుకు రెండు పక్కలా సమానంగా ఉండాలి. మధ్యలో పొడి మచ్చ ఉంటే అక్కడ జీను నొక్కుతోంది. ఒకవైపు మాత్రమే ఎక్కువ తడి ఉంటే రౌతునూ జీనునూ గుర్రం వెనకకాళ్ళనూ, మూడింటినీ పరీక్షించాలి. మూపు దగ్గర్నుంచి నడుం దాకా వేళ్ళతో మెత్తగా నొక్కుకుంటూ వెళ్ళండి. ఆరోగ్యమైన వీపు వేళ్ళ కింద కొంచెం సాగి తిరిగి వస్తుంది. నొప్పి ఉన్న గుర్రం కుంగుతుంది, లేదా రాయిలా బిగుసుకుంటుంది. ఏమీ దొరకకపోయినా, గుర్రాన్ని మేపే మనిషిని పక్కకు పిలిచి, పొద్దున్నే పాక నుంచి బయటికి వేసే మొదటి పది అడుగులు ఎలా ఉంటున్నాయో అడగండి. అతనికి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.